ప్లీడరు నుండి ముఖ్యమంత్రి దాకా – ప్రకాశం పంతులు గారు

ఈసారి గోడ పత్రికలో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి తెలుసుకుందాం.

ఆయన 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి, అంటే డబ్బులకి అన్నం వండిపెట్టి, పిల్లల్ని సాకింది. ఒకసారి పరీక్ష ఫీజు 3 రూపాయలు లేకపోతే తన పట్టుచీర తాకట్టు పెట్టింది. మన అమ్మలు కూడా ఇలాంటి వాళ్ళే కదా!

తర్వాత ఆయన రాజమండ్రిలో ప్లీడరు అయ్యారు. ప్లీడరు అంటే కోర్టులో మన తరపున మాట్లాడేవారు. అక్కడే మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. అప్పట్లో చిన్న ప్లీడర్లకి హైకోర్టులో వాదించే హక్కు ఉండేది కాదు. అందుకే ఇంగ్లాండు వెళ్ళి బారిస్టరు చదివి, మద్రాసులో బాగా సంపాదించారు. కానీ 1921లో గాంధీగారి పిలుపు విని ప్రాక్టీసు మానేశారు. ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి ఆస్తి అంతా ఖర్చు చేశారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు పోలీసుల తుపాకికి గుండె చూపించారు.

1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దానికి ఆయనే మొదటి ముఖ్యమంత్రి. 1954లో అసెంబ్లీలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటే! 1957 మే 20న చనిపోయేనాటికి ఆయన దగ్గర ఆస్తి ఏమీ మిగల్లేదు.

ఇది మనకెందుకు అంటే, మా గూడెంలో కోర్టు కాయితం వస్తే చదివేవాళ్ళు లేరు. ఏముందో తెలీకుండానే వేలిముద్ర వేసేస్తారు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1970లో 1/70 చట్టం వచ్చింది. చట్టం ఉంటే చాలదు, అది మన తరపున కోర్టులో చెప్పేవాళ్ళు కూడా కావాలి. మన గదిలో 20 మంది ఉన్నాం. టీచరు, నర్సు అవుతామని అందరం అంటాం. ప్లీడరు అవుతానని ఒక్కరూ అనలేదు. ఇక నేను అంటున్నాను.

ప్రశ్నలు:
1. సుబ్బమ్మ గారు ఫీజు ఎలా కట్టారు?
2. ప్రకాశం గారు బారిస్టరు ఎందుకు చదివారు?
3. 1/70 చట్టం ఏం చెబుతుంది? ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నలకి చెప్పండి.