ఓటమిని మరువని విజేత

కరీబియన్ సముద్రంలో డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశం ఉంది. అక్కడి ప్రజల భాష స్పానిష్. ఆ దేశం నుండి వలస వెళ్ళిన కుటుంబంలో ఫెలిక్స్ సాంచెజ్ 1977లో న్యూయార్క్ నగరంలో జన్మించాడు. అతని పెంపకంలో అవ్వ పాత్ర ఎంతో ఉంది. పుట్టి పెరిగింది అమెరికాలోనే అయినా, తన పెద్దల దేశం తరఫుననే పరుగెత్తాలని అతడు నిశ్చయించుకొన్నాడు.

400 మీటర్ల హర్డిల్స్ అతడు ఎన్నుకొన్న పందెం. ఇందులో దారి పొడవునా పది అడ్డుకర్రలుంటాయి. ఒక్కొక్కటి 91.4 సెంటీమీటర్ల ఎత్తు. వేగం తగ్గకుండా, అడుగు తప్పకుండా వాటన్నిటినీ దాటాలి.

2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో సాంచెజ్ ఫైనలుకు చేరలేకపోయాడు. ఆ ఓటమికి గుర్తుగా అక్కడి నుండి తెచ్చుకొన్న ఒక కంకణాన్ని చేతికి ధరించాడు. తరువాత 2001లోను, 2003లోను ప్రపంచ విజేత అయ్యాడు. వరుసగా ఎన్నో పందేలు గెలిచాడు. అయినా ఆ కంకణాన్ని తీయలేదు. లోకమంతా పొగడుతున్నప్పుడు కూడా తన ఓటమిని మరువకపోవడమే అతని వినయం. 2004లో ఏథెన్సులో 47.63 సెకన్లలో పరుగు ముగించి, తన దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణపతకం తెచ్చాడు. ఆ తరువాతనే కంకణాన్ని తీసివేశాడు.

కాని కష్టాలు తీరలేదు. గాయాలు వేధించాయి. 2008లో బీజింగులో తొలి పరుగు జరిగే రోజు ఉదయమే అవ్వ మరణించిందన్న వార్త అందింది. దుఃఖంతోనే బరిలో దిగి, మొదటి దశలోనే ఓడిపోయాడు. అవ్వ కోసం మరొక పతకం గెలవాలని ప్రతిజ్ఞ చేశాడు.

నాలుగేళ్ళు గడిచాయి. 2012 ఆగస్టు 6న లండనులో ఫైనలు జరిగింది. అప్పటికి సాంచెజ్ వయస్సు 34. అవ్వ ఫొటోను ఛాతీమీది అంకె చీటీ క్రింద దాచుకొన్నాడు. బూట్లమీద 'అబుయేల' అని వ్రాసుకొన్నాడు. స్పానిష్‌లో ఆ మాటకు అవ్వ అని అర్థం. అతడే గెలిచాడు. పట్టిన సమయం 47.63 సెకన్లు! ఎనిమిదేళ్ళ క్రిందటి సమయానికి, దీనికి సెకనులో నూరవ వంతు కూడా తేడా లేదు. పతకం అందుకొనేటప్పుడు అతడు చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

శాంటో డొమింగో నగరంలోని ఒలింపిక్ స్టేడియానికి అతని పేరే పెట్టారు. గెలిచినప్పుడు అణగి ఉండడం, ఓడినప్పుడు లేచి నిలవడం, ఈ రెండూ నేర్చినవానికి ఏ అడ్డుకర్రా ఎత్తు కాదు.

అర్థాలు
కంకణం = చేతికి ధరించే కడియం
విజేత = గెలిచినవాడు
ప్రతిజ్ఞ = శపథం

ప్రశ్నలు
1. ప్రపంచ విజేత అయిన తరువాత కూడా సాంచెజ్ కంకణాన్ని ఎందుకు తీయలేదు?
2. ఏథెన్సు, లండను విజయాలలో మీకు ఏది గొప్పదనిపించింది? ఎందుకు?
3. మీ ఇంట్లోను, మీ ఊరిలోని ఇతర భాషలలోను అవ్వను ఏమని పిలుస్తారో తెలుసుకొని వ్రాయండి.