రెండు మందుల జోడు

రొమ్మునందుఁ బుట్టు రాచపుండు, అనఁగా కాన్సరు, మొదట చిన్న గడ్డగా నుండును. అది యచ్చటనే యున్నంతకాలము శస్త్రవైద్యుఁడు దానిని కోసి తీసివేయఁగలఁడు. కాని దాని కణములు రక్తమార్గమునఁ బోయి యెముకలందును, కాలేయమునందును, ఊపిరితిత్తులందును కాపురము పెట్టినపుడు కత్తి యొక్కటియే చాలదు. శరీరమంతటను వ్యాపింపఁగల మందు కావలెను. అట్టి ముదిరిన వ్యాధికి ఒక మందు చాలునా, రెండు కలిపి యీయవలెనా యను ప్రశ్నను వైద్యు లెట్లు పరీక్షించిరో యీ వ్యాసమునందుఁ జెప్పఁదలఁచితిమి.

ఇట్టి ప్రశ్న అంతకుముందే క్షయవ్యాధి చికిత్సలోఁ గలిగినది. ఇంగ్లండులో స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించి 1948లో ఫలితములు ప్రకటించిరి. రోగులకు మొదట గుణము కనఁబడెను. కాని పలువురిలో ఆ మందునకు లొంగని సూక్ష్మజీవులు పుట్టెను. పారా అమైనో సాలిసిలిక్ ఆమ్లమను రెండవ మందును జోడించినపుడు ఈ యుపద్రవము మిక్కిలి తగ్గినదని 1950 నాటికిఁ దేలెను. తరువాతి కాలమున అమెరికాలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అను వైద్యులు పిల్లల రక్తకాన్సరునకు పెక్కు మందులను కలిపి యిచ్చి మేలు చూచిరి.

గణితము నేర్చినవారు దీనిని సులభముగా గ్రహింతురు. ఒక ఘన సెంటిమీటరు గడ్డయందు సుమారు 100 కోట్ల కణము లుండునని లెక్క. 10 లక్షల కణములలో ఒకటి మొదటి మందునకు లొంగనిదనుకొందము. అప్పుడా గడ్డలో 1,000 కణములు చావక మిగులును. అవియే మరల పెరిగి గడ్డ యగును. రెండవ మందునకును 10 లక్షలలో ఒకటియే లొంగనిచో, రెంటికిని లొంగని కణము లక్ష కోట్లలో ఒకటి మాత్రమే. లెక్క చక్కగానే యున్నది. కాని రెండు మందులను తప్పించుకొను ఉపాయములు వేఱువేఱుగా నున్నచోనే యీ గుణకారము చెల్లును. కొన్ని కణములు లోనికి వచ్చిన మందును బయటికి తోడివేయు నొక ప్రోటీనును పెంచుకొనును; ఆ యొక్క యేతాముతోనే డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ అను రెండు మందులను గూడ వెలికిఁ దోడఁగలవు. అదిగాక ముదిరిన వ్యాధిలో కణముల సంఖ్య ఒక గడ్డతో ముగియదు.

కావున కాగితముమీఁది లెక్కను నమ్మక రోగులయందే పరీక్షింపవలసి వచ్చెను. పైఁ జెప్పిన రెండు మందులతోడనే అమెరికాలో జరిగిన యొక పరీక్ష 2003లో ప్రకటింపఁబడెను. అందు 739 మంది పాల్గొనిరి. ఎవరికేది యీయవలెనో వైద్యుని యిష్టమునకు విడువక చీట్లు తీసినట్లు నిర్ణయించిరి. ఏలయన, వైద్యుఁ డెంత ధర్మాత్ముఁడైనను బలముగా నున్నవారికే ఘాటైన మందు లిచ్చునేమో! అట్లయినచో ఫలము మందువలనఁ గలిగినదా, రోగి బలమువలనఁ గలిగినదా తెలియదు. ఒక జట్టునకు మొదటి మందు, ఒక జట్టునకు రెండవది, మూఁడవ జట్టునకు రెండును ఇచ్చిరి. ఒంటి మందు పనిచేయుట మానినచో రెండవ దానికి మార్చిరి. గడ్డలు తగ్గినవారు నూటికి 36, 34, 47 మంది. జోడు గెలిచినదని యెవరైన ననుకొందురు. కాని జీవించిన కాలపు మధ్యమములు 18.9, 22.2, 22.0 నెలలు! గడ్డ తగ్గుట వేఱు, ఆయువు పెరుగుట వేఱు. రోగుల సుఖమునందును భేదము కనఁబడలేదు. మా మట్టునకు ఈ పరీక్ష, గెలిచిన పరీక్షలకంటె నెక్కువ నేర్పినదని తోఁచును.

అసలు మార్పు మఱియొక దారిని వచ్చెను. రొమ్ము కాన్సరు గలవారిలో నూటికి 15 మొదలు 20 మందికి కణములపైన హెర్-2 అను ప్రోటీను మితిమీరి యుండి వానిని త్వరగా పెరుగఁజేయును. దానిని పట్టి బంధించు ట్రాస్టుజుమాబ్ అను మందును పాత మందులతో జోడించి డెన్నిస్ స్లామన్ మొదలగువారు 469 మందియందు పరీక్షించి, 2001లో ఫలితములు ప్రకటించిరి. జీవితకాలపు మధ్యమము 20.3 నెలలనుండి 25.1 నెలలకుఁ బెరిగెను. అయితే యెవరును తలంపని కీడొకటి బయలుపడెను. డాక్సోరూబిసిన్ జాతి మందులతో దీనిని కలిపి యిచ్చినవారిలో నూటికి 27 మందికి గుండె బలహీనమయ్యెను. కలుపనివారిలో అది 8 మాత్రమే. పాక్లిటాక్సెల్‌తో కలిపినపుడు 13 మందికిఁ గలిగెను. వేఱువేఱుగా ఓర్చుకొనఁదగిన రెండు మందులు కూడినపుడు ఏమి చేయునో కలిపి చూచినఁగాని తెలియదు.

ఈ సంగతులు తరగతిలోఁ జెప్పుచుండఁగా ఒక విద్యార్థిని లేచి, "ఒకరికి మందిచ్చి ఒకరికి ఉత్త నీళ్లిచ్చుట పాపము కాదా అండీ?" యని యడిగినది. మంచి ప్రశ్న. క్లియోపాత్రా అను పరీక్షను జూపి మేము బదులు చెప్పితిమి. అందు 808 మంది రోగులు చేరిరి. అందఱికిని ట్రాస్టుజుమాబ్, డోసిటాక్సెల్ అను నాఁటి మేలైన చికిత్స దొరకెను. ఎవరును ఉత్త నీళ్లతో నుండలేదు. హెర్-2ను మఱియొక చోటఁ బట్టుకొను పెర్టుజుమాబ్ అను క్రొత్త మందు సగము మందికి, దానివలెనే కనఁబడు వట్టి ద్రవము తక్కినవారికి అదనముగా నిచ్చిరి. ఒకే తలుపునకు రెండు గడియలు వేసినట్లని తలంపవచ్చును. ఎవరికేది చేరినదో రోగికిని వైద్యునికిని తెలియదు. వ్యాధి మరల పెరుగకుండ నున్న కాలము 12.4 నెలలనుండి 18.5 నెలలకు హెచ్చెను. ఈ మాఱు గుండె కీడు హెచ్చలేదు గాని విరేచనములు ఎక్కువయ్యెను.

క్రొత్త మందు ప్రాణము నిలుపుచున్నదని 2012లో రూఢి కాఁగానే, వట్టి ద్రవము పొందుచున్నవారికిని దాని నిచ్చుటకు అనుమతించిరి. అట్లు 50 మంది మారిరి. అప్పటికే కొందఱు మరణించి యుండిరి. వారి కది యందలేదు. ఆ విద్యార్థిని యీ మాట విని మాఱు పలుకక కూర్చుండెను. మేమును దానికి బదులు చెప్పలేకపోతిమి. ఎనిమిదేండ్లు గడచునప్పటికి, క్రొత్త మందు పొందిన జట్టులో నూటికి 37 మందియు, రెండవ జట్టులో 23 మందియు జీవించి యున్నట్లు 2020లో ప్రకటించిరి.