పాతకారు: రోగనిర్ణయము

చిత్తూరు పట్టణమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, బాహుదానది యొడ్డున, కాణిపాకము కలదు. వినాయకస్వామి దేవాలయమునుబట్టి యీ గ్రామము పేరు దేశమెల్ల నెఱుగును. క్రొత్తబండి కొన్నవారు దానిని పూజకై యిచ్చటికి దెచ్చుట వాడుక. తిరుపతి, బెంగుళూరు, చెన్నపట్టణము వైపులనుండి వచ్చు వాహనములతో ఈ బాటలు సందడిగా నుండును. వానిలో క్రొత్తవియే పెక్కు. అయినను అరుదుగా నొక పాత అంబాసిడరో, ప్రీమియరు పద్మినియో కానవచ్చును. అట్టి పాతకారు త్రోవలో నిలిచిపోయినయెడల దాని లోపమును ఏ క్రమమున వెదకవలెనో మన విద్యార్థులకు దెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పాతకారునే యేల గైకొంటిమనగా, అది చదువుకొనుటకు దగిన పుస్తకమువంటిది. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు బండిని మాతృకగా గొని, కలకత్తాసమీపమున ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు అంబాసిడరును 1950వ దశాబ్దము చివరనుండి 2014 వఱకు నిర్మించిరి. దాని మూత నెత్తి చూచినచో బ్యాటరీ, డైనమో, కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు అన్నియు కంటికి గనబడును, చేతికి నందును. నేటి బండ్లలో పెక్కుపనులు కంప్యూటరు చేయుచున్నది; యంత్రసాయము లేనిదే దాని మాట మనకు దెలియదు. పాతబండికి చూపు, చెవి, ముక్కు, కొంచెము తర్కము చాలును. ఇందు మేము చెప్పునది పెట్రోలు బండ్లనుగూర్చియే. డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు.

మొదటి సూత్రము

కాణిపాకము సత్యప్రమాణములకు బేరుపడినచోటు. వివాదమున్నవారు అచ్చట ప్రమాణము చేసినచో అబద్ధమాడరని జనుల నమ్మకము. యంత్రమునకు ప్రమాణముతో పనిలేదు. అది యెన్నడును అబద్ధమాడదు. కాని మనము సరియైన ప్రశ్న నడుగవలెను, ఒక్కసారి యొక్క ప్రశ్ననే యడుగవలెను. ప్లగ్గులు మార్చి, పాయింట్లు మార్చి, పంపు మార్చి, బండి కదలినపిమ్మట “దేనివలన బాగుపడినది?” యని యడిగినచో ఎవ్వరును చెప్పజాలరు. కావున పరీక్ష ముందు, మార్పు తరువాత. సులభమైనది ముందు, కష్టమైనది తరువాత. ఏ పరీక్షకైనను మొదట గేరు న్యూట్రలులోనికి దెచ్చి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టవలెను.

సెల్ఫు తిరుగనప్పుడు

తాళము త్రిప్పినను ఇంజను కదలనిచో, ముందరిదీపము వెలిగించి, ఒకరు దానిని జూచుచుండగా మరియొకరు సెల్ఫు నొక్కవలెను. దీపము మిక్కిలి మసకబారినయెడల బ్యాటరీ బలహీనమైనదని గాని, సెల్ఫు పట్టుకొనియున్నదని గాని తలంపవలెను. దీపము పూర్తిగా ఆరిపోయినచో బ్యాటరీకొనలయొద్ద బిగువు తప్పియుండును. దీపము ఏమాత్రము తగ్గక, సెల్ఫు పలుకక యుండినచో విద్యుత్తు సెల్ఫువఱకు బోవుటలేదు; స్విచ్చును, తీగలను చూడవలెను. ఒక్క దీపము ఇట్లు మూడు విధములైన సమాధానముల నిచ్చుచున్నది.

12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నప్పుడు, విశ్రాంతిలో, మీటరు సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినచో అది దాదాపు ఖాళీయైనట్లే. ఇంజను తగిన వేగముతో తిరుగుచుండగా 14 వోల్టుల ప్రాంతమున చూపవలెను. అట్లు చూపనిచో డైనమోగాని, రెగ్యులేటరుగాని, బెల్టుగాని తనపని చేయుటలేదు. ఈ భేదమును దెలియనివారు క్రొత్తబ్యాటరీ కొందురు. నింపువాడు లేక అదియు కొలదిదినములలో ఖాళీయగును. ఒక గృహస్థునకు అట్టి వ్యయము చిన్నది కాదు.

కొనలపై దెల్లగనో, పచ్చగనో పొడి పేరుకొనినచో వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, బిగింపవలెను. ఆ నీరు బ్యాటరీ లోపలికి బోరాదు. తీగలను విప్పునప్పుడు బండియొడలికి గలుపబడిన తీగను ముందు విప్పి, బిగించునప్పుడు దానిని చివర బిగింపవలెను. ఇంగ్లండు పద్ధతి ననుసరించిన పాతబండ్లు కొన్నిటిలో ధనధ్రువమే యొడలికి గలుపబడియుండును. కావున ముందు చూచుకొని చేయి వేయవలెను.

సెల్ఫు తిరిగినను ఇంజను అందుకొననప్పుడు

పెట్రోలు ఇంజనునకు మూడు కావలెను: గాలితో సరిపాళ్లలో గలిసిన పెట్రోలు, తగిన సమయమున నిప్పురవ్వ, సిలిండరులో నొత్తిడి. ఈ మూడింటిలో నేది లోపించినదో తేల్చుటయే నిర్ణయము.

ముందు రవ్వను జూడుడు. మంచిప్లగ్గొకటి తీగకు దగిలించి, దాని లోహపుయొడలు ఇంజనునకు తగులునట్లు ఆనించి, చేతితో పట్టుకొనక, సెల్ఫు త్రిప్పించి చూడవలెను. నీలపురవ్వ బలముగా దుమికినచో ఆ భాగము క్షేమము. రవ్వ లేనిచో డిస్ట్రిబ్యూటరు మూత తీసి తేమ యున్నదేమో తుడువవలెను. వానకాలమున నిది తఱచు. పిమ్మట పాయింట్లను జూడవలెను. అవి తెఱచుకొన్నప్పుడు వానిమధ్య నెడము సుమారు 0.38 మిల్లీమీటరులును, ప్లగ్గుకొనలమధ్య సుమారు 0.6 మిల్లీమీటరులును ఉండుట ఇట్టి ఇంజనులకు వాడుక. బండితో వచ్చిన పుస్తకము వేఱుగా జెప్పినచో దానినే యనుసరింపవలెను. పాయింట్లు మాటిమాటికి కాలిపోవుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. ప్లగ్గుతీగలను విప్పినవారు వరుస మఱవరాదు. అంబాసిడరు పెట్రోలు ఇంజనులో నిప్పు పడు వరుస 1-3-4-2. అది తారుమారైనచో ఇంజను కుంటుచు, ప్రేలుచు, నడవ నిరాకరించును.

రవ్వ బాగుగ నున్నచో పెట్రోలును జూడవలెను. టాంకులో నున్నదా, పంపు త్రోయుచున్నదా, కార్బురేటరు జెట్టులో మట్టి చేరినదా యని వరుసగా నడుగవలెను. రవ్వను, పెట్రోలును ఒకేమాఱు పరీక్షింపరాదు. తెఱచిన పెట్రోలుదగ్గర నొక్కరవ్వ చాలును, బండియు మనుష్యుడును దగ్ధమగుటకు.

మన సీమయెండలలో మరియొక చిక్కు గలదు. మధ్యాహ్నము దూరము నడచిన బండిని దేవాలయమువద్ద కొంతసేపు నిలిపి మరల తీసినచో అది అందుకొనదు. ఇంజనువేడికి గొట్టములోని పెట్రోలు ఆవిరియై పంపునకు ద్రవము దొరకకుండుటయే దీనికి గారణము. మూత తెఱచి, పంపుపైన తడిగుడ్డ కప్పి, కొంతసేపు ఓర్చుకొన్నచో బండి దానంతట నదియే తేఱుకొనును. నేడు మనదేశమున నమ్ము పెట్రోలులో 20 శాతమువఱకు ఇథనాలు కలుపుచున్నారు. పూర్వపు రబ్బరుగొట్టములు దానిని తట్టుకొనునవి కావు. మెత్తబడి, చీలి, కారును. పాతకారు గలవారు ఆ గొట్టములను దఱచు తడవి చూచి, తగినవానిని వేయించుకొనవలెను.

ఇద్దఱు సాక్షులు, ఒక లోపము

త్రోవలో డైనమో యెఱ్ఱదీపము వెలిగి, వెంటనే వేడిముల్లు పైకెక్కినదనుకొందము. తొందరపడువాడు డైనమో చెడినదనియు, రేడియేటరు చెడినదనియు రెండు లోపములు లెక్కించును. ఆలోచించువాడు ఈ రెండింటికి సామాన్యమైనది యేదని యడుగును. డైనమోను, నీటిపంపును త్రిప్పునది ఒక్క ఫ్యానుబెల్టే. అది తెగినను, వదులైనను రెండును నిలుచును. మధ్యన వ్రేలితో నొక్కినప్పుడు బెల్టు సుమారు అరయంగుళము దిగవలెను. అంతకు మించినచో బిగింపవలెను. పెట్టెలో మరియొక బెల్టుంచుకొన్నవాడు చీకటిలో చిక్కుకొనడు.

బెల్టు బాగున్నను వేడి యెక్కినచో నీరు తగ్గుట, థర్మోస్టాటు పట్టుకొనుట, రేడియేటరు పూడుట కారణములు. వేడిగానున్న రేడియేటరు మూతను ఎట్టిస్థితిలోను తీయరాదు. లోపల నొత్తిడిలోనున్న నీరు ఎగిసి ముఖమును గాల్చును. చల్లారినపిదపనే, గుడ్డతో పట్టి, మెల్లగ విప్పవలెను. చమురుదీపము వెలిగినచో ఆ క్షణమే ఇంజను నాపవలెను; చమురు లేనిదే నడచిన ఇంజను కొద్దినిమిషములలో నాశనమగును.

ఫ్యూజు, బ్రేకు

ఫ్యూజు మాటిమాటికి తెగినచో కొందఱు లావుతీగ గాని, సిగరెట్టుపెట్టె రేకు గాని పెట్టుదురు. ఇది వైద్యము కాదు, హత్య. ఫ్యూజు తాను కాలి తీగలను గాపాడుచున్నది. ఆ కాపరిని తొలగించినచో కాలునది బండియే. పాతతీగల పైతొడుగు ఎచ్చట నొరసి లోహమునకు దగులుచున్నదో వెదకుటయే సరియైన మార్గము. ఒకదీపము మాత్రము మసకగ నున్నచో దాని యెర్తుతీగ త్రుప్పుపట్టియుండుట సాధారణము.

మిగిలిన లోపము లన్నియు బండిని నిలుపును. బ్రేకులోపము బండిని నిలువనీయదు. చిత్తూరునుండి పలమనేరు పోవు త్రోవలో మొగిలి ఘాటు గలదు. ఆ దిగుడు ప్రమాదములకు బేరుపడినది. పెడలును నొక్కినప్పుడు స్పంజివలె మెత్తగా నున్నచో గొట్టములలో గాలి చేరినది. రెండుమూడుమాఱులు త్రొక్కినగాని పట్టనిచో షూలు అరిగియో, సర్దుబాటు తప్పియో యుండును. గట్టిగ నొక్కి పట్టినను మెల్లమెల్లగ దిగిపోవుచున్నచో ద్రవము కారుచున్నది, లేదా మాస్టరు సిలిండరు చెడినది. ఈ గుర్తులలో నేది కనబడినను బండిని రోడ్డెక్కింపక మెకానిక్కును పిలువవలెను. బ్రేకుద్రవము గాలిలోని తేమను బీల్చును. తేమ చేరిన ద్రవము వేడికి మరగి, దిగుడుననే మోసగించును. కావున రెండేండ్ల కొకసారి మార్చుట మంచిది. దిగునప్పుడు ఆరంభముననే చిన్నగేరు వేసి ఇంజనుచేత వేగమును గట్టడి చేయవలెను. బ్రేకునే నమ్ముకొని దిగినచో డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలును. పెట్రోలు ఆదా యగునని న్యూట్రలులో దిగుట మహాపాయము.

విద్యార్థులారా! బండికొక చిన్నపుస్తక ముంచి, తేది, కనబడిన గుర్తు, చేసిన పరీక్ష, దొరకిన లోపము వ్రాయుచుండుడు. ఏడాదిలో ఆ పుస్తకమే మీకు గురువగును. మీకు దెలిసినంతవఱకు పరీక్షింపుడు. తెలియనిచోట నాగి, దెలిసినవానిని బిలువుడు. అట్లు పిలుచునపుడు సైతము “బండి చెడినది” యని చెప్పుటకంటె, “రవ్వ యున్నది, పెట్రోలు రాలేదు” అని చెప్పగలవానికి కాలమును, ధనమును మిగులును. ఆ బండిలో గూర్చున్న తల్లిదండ్రులు, పిల్లలు క్షేమముగ నిలుసేరుదురు. ఈ విద్యవలన గలుగు లాభములలో ఇదియే మేలైనది.