పిలుపొచ్చిన జవాను ఇంటికి జీతం ఎలా చేరుతుంది?

బెంగళూరు కె.ఆర్.పురం పక్కనున్న దూరవాణినగర్‌లో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి టెరిటోరియల్ ఆర్మీ (టీఏ)లో సిపాయి అనుకుందాం. బెంగళూరులోనే 106వ పారా టీఏ బెటాలియన్ ఉంది. మామూలు రోజుల్లో అతనికి ఫ్యాక్టరీ జీతం, పిలుపొస్తే సైన్యం జీతం. 1987లో భారత్-శ్రీలంక ఒప్పందం తర్వాత జరిగిన ఆపరేషన్ పవన్‌లో టీఏ యూనిట్లు శ్రీలంకలోనూ పనిచేశాయి. దేశం కుదుర్చుకున్న ఒప్పందం కోసం కడలి దాటినవాడి ఇంట్లో అద్దె, పిల్లల ఫీజులు ఆగకూడదు.

1. పిలుపు: ఉత్తర్వు రాగానే ఒక నకలు యజమానికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. 1948 నాటి టీఏ చట్టం ప్రకారం విధి ముగిశాక అతన్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవాలి. అధికారి ఆదేశించినా తీసుకోని యజమానికి జరిమానాతో పాటు, ఆరు నెలల జీతం కట్టమని కోర్టు చెబుతుంది.

2. హాజరు: యూనిట్‌లో రిపోర్టు చేసి, వైద్య పరీక్ష ముగించుకోవాలి. విధిలోకి తీసుకున్న తేదీని రాసి పెట్టుకోవాలి.

3. పార్ట్ టూ ఆర్డర్: అసలు కీలకం ఇదే. జవాను చేరిన తేదీ, సెలవులు, కుటుంబ వివరాల వంటివన్నీ యూనిట్ ఇందులో ప్రకటిస్తుంది. పే అకౌంట్స్ ఆఫీసు దీన్ని చూసే జీతం కడుతుంది. ఇందులో ఎక్కని రోజుకు జీతం లేదు. అందుకే నకలు అడిగి, ప్రతి తేదీ సరిచూసుకోవాలి.

4. లెక్క: విధిలో ఉన్నంతకాలం రెగ్యులర్ సిపాయితో సమానం. ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం రూ. 21,700తో మొదలవుతుంది. సైనిక సేవా వేతనం రూ. 5,200, డీఏ అదనం. పట్టణ యూనిట్లలో నాలుగు గంటల శిక్షణను ఒక రోజుగా లెక్కిస్తారు.

5. విదేశీ విధి: పరదేశంలో ఉన్నా జీతం బాధ్యత మన ప్రభుత్వానిదే. ఐరాస శాంతిసేనలోనూ పద్ధతి ఇదే. ఐరాస తలకు ఇంత అని ప్రభుత్వానికి చెల్లిస్తుంది. 2018లో ఆ రేటు నెలకు 1,428 డాలర్లుగా ఖరారైంది. జవానుకు జీతమిచ్చేది అతని దేశమే.

6. విడుదల: విధి ముగిసిన తేదీ కూడా పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కాలి. విడతలు విడతలుగా చేసిన సేవ మొత్తం జవాన్లకు 15 ఏళ్లు, అధికారులకు 20 ఏళ్లు నిండితేనే పెన్షన్. ఒక్క విడత కాగితం తప్పిపోయినా ముసలితనంలో ఆ లోటు తెలుస్తుంది.

పిలిచిన రోజున జవాను ఆలస్యం చేయడు. అతని జీతం కాగితాన్ని ఆలస్యం చేసే హక్కు ఏ కార్యాలయానికీ లేదు.