వీడియో ఎడిటింగ్‌కి ర్యామ్ ఎంత కొనాలి?



ఈ మధ్య మన గ్రూపులోకి వీడియోలు బాగా వస్తున్నాయి. షెడ్డు శుద్ధి చేయడం, ఉజి ఈగ రాకుండా చూసుకోవడం, పండిన పురుగుల్ని చంద్రికల మీదికి ఎక్కించడం, ఇలా ఎవరి అనుభవం వాళ్లు ఫోన్‌లో తీసి పంపుతున్నారు. వాటిని కత్తిరించి, మాట కలిపే పని కూడా కొందరు మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర నుంచి మాకు వచ్చే ప్రశ్న ఒకటే: "కంప్యూటర్ కొంటున్నాం. ర్యామ్ 8 జీబీ చాలా, 16 కావాలా? షాపులో 32 తీసుకోమంటున్నారు."

ఇది ఇప్పుడు డబ్బుతో పెద్ద పని. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పుల గిరాకీ పెరగడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా ఎక్కాయి. అవసరానికి మించి కొంటే గూళ్లు అమ్మిన డబ్బు ఊరికే పోతుంది. తక్కువ కొంటే పని మధ్యలో కంప్యూటర్ మొండికేస్తుంది. కాబట్టి ఈ వారం పాఠం ఇదే.

*1. ర్యామ్ వేరు, స్టోరేజ్ వేరు*

రెండింటినీ మెమరీ అనే అంటారు, లెక్క కూడా జీబీల్లోనే చెబుతారు. అక్కడే తికమక. "512 జీబీ మెమరీ ఉంది" అంటే అది స్టోరేజ్. వీడియోలు దాచుకునే చోటు. మన భాషలో చెప్పాలంటే గూళ్ల బస్తాలు పెట్టే గది. ర్యామ్ అంటే రీలింగ్ బేసిన్. గూడు తెచ్చి దారం విప్పే చోటు. గది ఎంత పెద్దదైనా బేసిన్ చిన్నదైతే పని సాగదు.

*2. చిన్న ఫైలుకి అంత ర్యామ్ ఎందుకు?*

"నా వీడియో 100 ఎంబీయే కదా, 8 జీబీ ర్యామ్ ఎందుకు చాలదు?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. బైవోల్టిన్ గూడు గుప్పిట్లో పడుతుంది, విప్పితే సుమారు కిలోమీటరు దారం వస్తుంది. వీడియో ఫైలూ అంతే. ఫోన్ దాన్ని బాగా కుదించి దాస్తుంది. ఎడిటింగ్ చేసేటప్పుడు కంప్యూటర్ దాన్ని విప్పాల్సిందే.

లెక్క చూడండి. మామూలు హెచ్‌డీ వీడియోలో, అంటే ఫోన్‌లో 1080 అని కనిపించే దాంట్లో, ఒక్కో బొమ్మకి 1920 × 1080 చుక్కలు, అంటే సుమారు 20 లక్షలు. చుక్కకి మూడు బైట్లు వేసుకుంటే ఒక బొమ్మ సుమారు 6 ఎంబీ. సెకనుకి 30 బొమ్మలు. అంటే విప్పితే సెకనుకి దాదాపు 186 ఎంబీ, నిమిషానికి 11 జీబీ! 4కేలో చుక్కలు నాలుగు రెట్లు, కాబట్టి నిమిషానికి దాదాపు 45 జీబీ.

భయపడొద్దు. సాఫ్ట్‌వేర్ మొత్తం ఒకేసారి విప్పదు, కావలసిన కొద్ది సెకన్లే విప్పుకుంటూ పోతుంది. కానీ 1080కీ 4కేకీ మధ్య బరువు ఎంత తేడానో ఈ లెక్కతో తెలుస్తుంది.

*3. కొలత ఐదో దశకి వేయాలి*

చాకీ పురుగులకి సరిపోయే జాగా చూసి మనం షెడ్డు కట్టం. మొత్తం ఆకులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటాయి, జాగా కూడా అప్పుడే ఎక్కువ కావాలి. ఎడిటింగ్‌లో ఐదో దశ ఏది? రెండు మూడు వీడియోలు ఒకదానిమీద ఒకటి పెట్టినప్పుడు, అక్షరాలు కదిలించినప్పుడు, చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు. ఆ సమయానికి ర్యామ్ చాలాలి.

చాలకపోతే కంప్యూటర్ కొంత భారాన్ని డిస్క్ మీద వేస్తుంది. డిస్క్ ర్యామ్ కంటే చాలా నిదానం, అందుకే తెర బిగుసుకుపోతుంది. అలాగని అవసరం తీరాక ఇంకా ర్యామ్ వేస్తే వేగం పెరగదు. బెడ్డు వెడల్పు చేస్తే పురుగు ఆకలి పెరగదు కదా!

*4. ఎవరికి ఎంత?*

▪️ *8 జీబీ:* 1080 వీడియో, ఒకే వరుస, పైన మాట, కింద పేరు. షాట్‌కట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. కానీ బ్రౌజర్ మూసేసి పని చేయాలి. ఉన్న కంప్యూటర్‌తో సర్దుకునేవాళ్లకి సరే. కొత్తగా కొనేవాళ్లకి మేం చెప్పం.

▪️ *16 జీబీ:* మనలో చాలామందికి సరైన కొలత. ఎడోబ్ ప్రీమియర్ ప్రో తయారీదారులు హెచ్‌డీకి ఇంతే సూచిస్తారు. డావిన్చి రిజాల్వ్ కూడా ఇంతతో నడుస్తుంది.

▪️ *32 జీబీ:* తరచుగా 4కే పని చేసేవాళ్లకి, లేదా రిజాల్వ్‌లోని ఫ్యూజన్‌తో గ్రాఫిక్స్ చేసేవాళ్లకి. ప్రీమియర్‌లో 4కేకి కూడా 32 లేదా ఎక్కువ అనే సూచన.

▪️ *64 జీబీ:* పెళ్లి వీడియోలు, సినిమా పని చేసే స్టూడియోలకి. మనకి అక్కర్లేదు.

ఖర్చు లేకుండా ర్యామ్ మిగుల్చుకునే దారి ఒకటుంది. ఫోన్ కెమెరాలో 1080 పెట్టి తీయండి. మన వీడియోలు చూసేది ఫోన్ తెర మీద, పైగా వాట్సాప్ పంపేటప్పుడు ఎలాగూ కుదిస్తుంది. ఒక్క చోట మాత్రం 4కే అక్కరకొస్తుంది: పురుగు మీద ఉజి ఈగ పెట్టిన తెల్లటి గుడ్డు, తర్వాత వచ్చే నల్ల మచ్చ లాంటివి దగ్గరగా చూపించాలంటే. 4కేలో తీస్తే ఆ భాగం పెద్దది చేసినా మసకబారదు. ఆ ముక్కల వరకు సాఫ్ట్‌వేర్‌లో "ప్రాక్సీ" పెట్టుకోండి. చిన్న నకలు మీద ఎడిటింగ్ జరుగుతుంది, చివర్లో అసలు వీడియోతోనే ఎక్స్‌పోర్ట్ అవుతుంది. 16 జీబీతోనే పని అయిపోతుంది.

*5. కొనే ముందు ఉన్నది చూసుకోండి*

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. మీ వీడియో ఒకటి ఎక్స్‌పోర్ట్ చేస్తూ చూడాలి, ఊరికే ఉన్నప్పుడు కాదు. 85, 90 శాతం దాటి, డిస్క్ కూడా తెగ తిరుగుతుంటే ర్యామ్ వేయించండి. 60 శాతం దగ్గరే ఉండి నిదానంగా ఉంటే లోపం ర్యామ్‌ది కాదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ లేదా పాత హార్డ్ డిస్క్ చూడాలి. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలా పాత కంప్యూటర్లు తేరుకుంటాయి.

అక్కడే "స్లాట్స్ యూజ్డ్" అని ఉంటుంది. రెండింట్లో ఒకటి అంటే ఇంకో ముక్కకి చోటుందని అర్థం.

*6. షాపులో అడగాల్సినవి*

మేం ఉండేది మాధవరంలో. తిరుపతి, నెల్లూరు వైపు నుంచి వచ్చే బస్సులకి 2018 అక్టోబరులో మొదలైన బస్టాండు ఇక్కడే కాబట్టి కంప్యూటర్ కోసం వచ్చేవాళ్లు మాకు ముందే కబురు పెడుతున్నారు. కొనేది మాత్రం మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో. మాధవరం నుంచి సెంట్రల్ చేరుకుని, మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, పని రోజు చూసుకుని రండి.

✅ ల్యాప్‌టాప్ అయితే, ర్యామ్ బోర్డుకే అతికించారా, తర్వాత పెంచుకునే స్లాట్ ఉందా? అతికించినదైతే మొదటే 16 తీసుకోవాలి, తర్వాత దారి ఉండదు.

✅ డీడీఆర్4 ఆ, డీడీఆర్5 ఆ? ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. ల్యాప్‌టాప్ ముక్క డెస్క్‌టాప్‌కి పట్టదు.

✅ 16 ఒకే ముక్కా, 8 చొప్పున రెండా? రెండైతే రెండు దారుల్లో పని జరిగి కొంత వేగం వస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో తెర పనికి కూడా ర్యామ్‌లోంచే వాటా పోతుంది, అక్కడ ఈ తేడా బాగా తెలుస్తుంది. డెస్క్‌టాప్‌లో నాలుగు స్లాట్లుంటే రెండు ఎనిమిదులు వేసి, మిగతా రెండు ఖాళీగా ఉంచుకోండి.

✅ జీఎస్టీ బిల్లు, వారంటీ. పాత ర్యామ్ చవగ్గా దొరికితే, షాపులోనే బిగించి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపించి చూశాకే డబ్బులివ్వండి.

*ముక్తసరిగా:* 1080లో తీయండి. కొత్తది కొంటే 16 జీబీ, పెంచుకునే చోటున్నది. 32కి పెట్టే డబ్బు మిగిలితే మంచి ఎస్‌ఎస్‌డీకి, మాట స్పష్టంగా వినిపించే చిన్న కాలర్ మైకుకి పెట్టండి. బొమ్మ కాస్త తగ్గినా రైతు చూస్తాడు. మాట వినపడకపోతే పది సెకన్లలో తీసేస్తాడు.

మీ కంప్యూటర్ టాస్క్ మేనేజర్ ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. వేయించాలో వద్దో అందరం కలిసి చూసి చెబుదాం.