వెబినార్ ముగిశాక మొదలయ్యే పని

చిన్న వ్యాపారాలతో కుటుంబాన్ని పోషించుకునేవారు మన సమాజంలో చాలామంది. పండ్ల బండి, టైలరింగ్ షాపు, మెకానిక్ షెడ్డు, చికెన్ సెంటర్, పాత ఇనుము కొట్టు... వీరికి డబ్బు సాయం ఎంత అవసరమో, సరైన సమాచారమూ అంతే అవసరం. హాలు అద్దె లేకుండా, ఎవరి దుకాణమూ మూయించకుండా, ఆ సమాచారాన్ని ఫోన్‌లోనే అందించే సాధనం వెబినార్. అయితే ముఖ్య అతిథులను పిలిచి గంటన్నర ప్రసంగాలు వినిపిస్తే అది మామూలు సభే అవుతుంది. విన్న వ్యాపారి మర్నాడు ఏ పని చేసుకోగలిగాడన్నదే వెబినార్‌కు అసలైన కొలత.

ఒక్క పనినే ఎంచుకోవాలి

"వ్యాపారాభివృద్ధి" అని పేరు పెడితే ఎవరికీ ఏమీ అందదు. "ఉద్యమ్ నమోదు మీరే చేసుకోవడం ఎలా?" అంటే ఎందుకు రావాలో వ్యాపారికి తెలుస్తుంది. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదుకు ప్రభుత్వ పోర్టల్‌లో రుసుము లేదు. పత్రాలు అప్‌లోడ్ చేయనవసరమూ లేదు. అయినా ఈ సంగతి తెలియక ఏజెంట్లకు, ప్రభుత్వ సైటులా కనిపించే ప్రైవేటు సైట్లకు డబ్బు కట్టేవారున్నారు. చక్కగా నడిపిన ఒక్క వెబినార్ ఆ డబ్బు మిగులుస్తుంది.

ఎవరు వింటారో ముందే తెలుసుకోవాలి

పేరు నమోదు చేసుకునేటప్పుడే మూడు సంగతులు అడగాలి: ఏ ఊరు, ఏ వ్యాపారం, ఏ సందేహం. ఇది లాంఛనం కాదు. రాష్ట్రం లోపల సరుకులు మాత్రమే అమ్మే వ్యాపారికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవర్ అయితే, తెలంగాణలో 20 లక్షలే. విజయవాడ వ్యాపారికి సరిపోయే జవాబు వరంగల్ వ్యాపారిని ఇబ్బందిలో పడేస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు ఎక్కువగా ఉంటే ప్రశ్నలకు ఆ భాషలోనూ జవాబు చెప్పే మనిషి ఉండాలి.

వారం ముందే సిద్ధం చేయాలి

వేళ నిర్ణయించేటప్పుడు దుకాణాల రద్దీని, నమాజు వేళలను చూసుకోవాలి. వారం ముందు పంపే సందేశంలో ఆధార్, పాన్ సిద్ధంగా ఉంచుకోమని చెప్పాలి. ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు ఇప్పుడు వాడుకలో ఉందో లేదో చూసుకోమనాలి. పాత నంబరు ఉంటే ఓటీపీ రాదు, నమోదు అక్కడే ఆగిపోతుంది. నంబరు మార్చుకోవడానికి సమయం పట్టవచ్చు కాబట్టి ముందురోజు చెబితే లాభం లేదు. పాన్ గానీ జీఎస్టీ గానీ లేని అతి చిన్న వ్యాపారులకు బ్యాంకుల వంటి సంస్థల ద్వారా నమోదయ్యే ఉద్యమ్ అసిస్ట్ మార్గం ఉందని కూడా తెలపాలి. ఆ తర్వాత ముందురోజు ఒకసారి, అరగంట ముందు ఒకసారి లింకు పంపితే చాలు.

నడిపే పద్ధతి

జూమ్ ఉచిత ఖాతాలో 100 మందితో 40 నిమిషాలు మాట్లాడవచ్చు. మొదటి ప్రయత్నానికి ఇది సరిపోతుంది. స్వాగతానికి 5 నిమిషాలు, చేసి చూపడానికి 15, మిగిలిన సమయమంతా ప్రశ్నలకు కేటాయించాలి. మనుషులు ముగ్గురు కావాలి: చెప్పేవారు ఒకరు, అందరినీ మ్యూట్‌లో ఉంచి ప్రవేశం చూసుకునేవారు ఒకరు, చాట్‌లో వచ్చిన ప్రశ్నలను ఏరి అందించేవారు ఒకరు. చాలామంది చిన్న ఫోన్లలో చూస్తారు గనుక అక్షరాలు పెద్దవిగా, స్లైడుకు రెండు మూడు వాక్యాలే ఉండాలి. స్క్రీన్ షేర్ అధికారం నిర్వాహకుల దగ్గరే ఉండాలి. ఎవరి ఆధార్ నంబరూ తెరమీద కనిపించకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, చాట్‌లో రాయవద్దని మొదట్లోనే హెచ్చరించాలి.

లెక్క ఎక్కడ చూడాలి

మూడు రోజుల తర్వాత హాజరైన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయాలి. నమోదు పూర్తయిందా? కాకపోతే ఎక్కడ ఆగింది? ఈ జవాబులే తర్వాతి వెబినార్‌కు పాఠ్యాంశం. రికార్డింగును మూడు నాలుగు నిమిషాల ముక్కలుగా చేసి వాట్సాప్‌లో పంపితే, ఆగినవారు ఆ మెట్టు వరకే మళ్లీ చూసుకుంటారు.

దాతలకు ఒక మనవి. మీ సాయంతో వెబినార్ జరిగిందని విన్నప్పుడు ఎంతమంది చూశారని మాత్రమే అడగకండి. ఎంతమంది పని పూర్తయింది, మిగిలినవారి కోసం ఏం చేస్తున్నారు అని అడగండి. ఖరీదైన ఖాతా కన్నా, వారానికి ఒక సాయంత్రం ల్యాప్‌టాప్‌తో కూర్చుని ఆగిపోయినవారికి సాయం చేసే ఒక యువకుడి దారిఖర్చులు భరించడం ఎక్కువ మేలు చేస్తుంది.