ఇసుక తరలిన వాగు, మురుగు మోసే నది: మోత్కూర్ మెట్ట సేద్యంపై నగర విస్తరణ, వాతావరణ మార్పుల ప్రభావం

పూర్వం నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 పునర్వ్యవస్థీకరణలో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మోత్కూర్ ప్రాంతం దక్షిణ తెలంగాణ మెట్ట భూములకు చక్కని ఉదాహరణ. గ్రానైటు శిలపై ఏర్పడిన ఎర్ర చెల్క, దుబ్బ నేలలు, ఏడాదికి సుమారు 700 నుంచి 750 మి.మీ. వర్షం, బోరుబావులపై ఆధారపడిన వరి, వర్షాధారంగా పత్తి, కంది ఇక్కడి సేద్య స్వరూపం. దక్షిణాన మూసీ నది, చేరువలో దాని ఉపనది బిక్కేరు వాగు ఉన్నాయి. హైదరాబాదుకు వంద కిలోమీటర్ల లోపే ఉన్న ఈ ప్రాంతంపై నగర ప్రభావం రెండు మార్గాల్లో పడుతున్నది. నిర్మాణాల కోసం వాగుల ఇసుక తరలిపోతున్నది. నగరపు మురుగు మూసీ వెంట దిగువకు వస్తున్నది. ఇదే కాలంలో వాన పడే తీరు కూడా మారుతున్నది. ఈ మూడింటినీ కలిపి పరిశీలించినప్పుడే జరుగుతున్న నష్టం పూర్తిగా అర్థమవుతుంది.

వాగులోని ఇసుక విలువ

గ్రానైటు ప్రాంతంలో భూగర్భ జలం శిథిలమైన పై పొరలోను, దాని కింది పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. శిథిల శిల తన ఘనపరిమాణంలో 1 నుంచి 3 శాతం నీటిని మాత్రమే బావికి విడుదల చేయగలదు. ముతక ఇసుకలో ఇది 20 నుంచి 25 శాతం వరకు ఉంటుంది. ఒక ఎకరం విస్తీర్ణంలో ఒక మీటరు లోతున ఉన్న ఇసుక 8 నుంచి 10 లక్షల లీటర్ల నీటిని ఇవ్వగలదు. అంతే పరిమాణంలోని శిథిల శిల ఇవ్వగలిగేది 40 వేల నుంచి 1.2 లక్షల లీటర్లు. పైగా ఇసుక పై పొర త్వరగా ఆరిపోయి, కింది తేమ ఆవిరి కాకుండా కాపాడుతుంది.

పూత దశలో ఉన్న ఎకరం కందికి 50 మి.మీ. తడి ఇవ్వడానికి సుమారు 2 లక్షల లీటర్ల నీరు చాలు. అంటే వాగులో ఒక ఎకరం మేర మీటరు లోతు ఇసుక తవ్వితే, నాలుగైదు ఎకరాల కందిని బెట్ట నుంచి కాపాడే నీటి నిల్వ పోయినట్లే. వాగు పారిన ప్రతిసారీ నిండే నిల్వ అది. ఇసుక పోయిన వాగులో నీరు ఆగక పారిపోతుంది. ఒడ్డు వెంట బావుల ఊట తగ్గుతుంది. రైతు బోరును మరింత లోతుకు వేయవలసి వస్తుంది. ఫ్లోరైడ్ సమస్య ఉన్న నల్లగొండ నేలల్లో శిలతో ఎక్కువ కాలం సంపర్కంలో ఉన్న లోతైన నీరు తాగునీటి ముప్పును కూడా పెంచగలదు.

మారిన వాన

వాతావరణ మార్పుపై అంతర ప్రభుత్వ సంఘం 2021 నివేదిక ప్రకారం, పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే భూతాపం సుమారు 1.1 డిగ్రీలు పెరిగింది. ప్రతి డిగ్రీకి గాలి దాదాపు 7 శాతం అధికంగా తేమను పట్టుకోగలదు. అందువల్ల కురిసినప్పుడు వాన ఉధృతంగా కురిసే అవకాశం పెరుగుతుంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో ఒక్కరోజులో 30 సెం.మీ.కు మించి కురిసిన వాన మూసీ దిగువ ప్రాంతాలను కూడా ముంచెత్తింది.

చెల్క నేల ఉపరితలం వాన దెబ్బకు గట్టిపడి పొరకడుతుంది. ఉధృతమైన వానలో అధికభాగం నేలలోకి ఇంకక పారిపోతుంది. ఆ తరువాతి వాన ఆలస్యమైతే పంట వాడిపోతుంది. పారే నీటిని ఆపి దాచుకునే శక్తి ఇంతకు ముందుకన్నా ఎక్కువ అవసరమైన కాలంలోనే వాగు తన ఇసుకను, కుంట తన కాలువను కోల్పోతున్నాయి. వాతావరణ మార్పు, నగర విస్తరణ ఒకదాని నష్టాన్ని మరొకటి పెంచుతున్న స్థానం ఇదే.

మూసీ నీరు: లాభమెంత, నష్టమెంత?

1908 వరదల అనంతరం నగరానికి ఎగువన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం దాటిన తరువాత వేసవి మూసీలో పారేది అధికభాగం వాడిన నీరే. ఏడాది పొడవునా అందే ఈ నీటిని కత్వల ద్వారా రైతులు పొలాలకు మళ్లిస్తున్నారు. వలిగొండ, ఆత్మకూరు, మోత్కూర్ వైపు తలపెట్టిన బునాదిగాని కాలువకూ ఆధారం మూసీయే. ఎండిన బోరు ముందు నిలిచిన రైతు ఈ నీటిని కాదనలేడు.

ఈ నీటిలో నత్రజని, భాస్వరం ఉంటాయి. లవణాలు, రోగకారక క్రిములు, పరిశ్రమల వ్యర్థాలు కూడా ఉంటాయి. నత్రజని అధికమైన వరి ఏపుగా పెరిగి పడిపోతుంది. అగ్గితెగులు, దోమపోటు ఉధృతమవుతాయి, తాలు గింజలు పెరుగుతాయి. నగర సమీపంలో అనేకులు వరి మాని పారా గడ్డికి మారడం ఈ మార్పుకు నిదర్శనం.

చేపట్టవలసిన చర్యలు

మూసీ నీరు పారే పొలాల్లో ఏటా మట్టిని, నీటిని పరీక్షించాలి. నీటి లవణ సూచిక మీటరుకు 0.7 డెసీసైమన్లు దాటితే జాగ్రత్త అవసరం, 3 దాటితే సాధారణ పంటలకు తగదు. పరీక్ష ఫలితాన్ని బట్టి యూరియా తగ్గించాలి. వీలైనచోట బోరు నీటితో మార్చి మార్చి తడి ఇవ్వాలి. పచ్చిగా తినే కూరగాయలను ఈ నీటితో పండించరాదు. నీటిని ముందుగా ఒక కుంటలో నిలిపితే పురుగుల గుడ్లు చాలావరకు అడుగుకు చేరుతాయి. పొలంలో దిగేవారు బూట్లు, చేతి తొడుగులు ధరించాలి.

చెల్కల్లో వాలుకు అడ్డంగా దున్ని విత్తాలి, పత్తిలో కందిని అంతర పంటగా వేయాలి, నీటి కుంటలు తవ్వుకోవాలి. చెరువు పూడిక మట్టి చెల్కకు తేమ నిలిపే శక్తినిస్తుంది. అయితే మురుగు చేరిన చెరువు పూడికను భార లోహాల పరీక్ష లేకుండా వాడరాదు. రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వేసవి వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రాల్లోని పరిశీలన 2004లో వెల్లడించింది. కావున యాసంగి నాట్లు ఆలస్యం కాకుండా చూడాలి.

కొన్ని చర్యలు మాత్రం ఒక్క రైతు వల్ల కావు. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం ఇసుక తవ్వకాన్ని నియంత్రించే అధికారం ఇచ్చింది. దానిని గ్రామ స్థాయిలో అమలు చేయాలి. 2018లో పురపాలక సంఘంగా మారిన మోత్కూర్‌లో లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడే కుంటలకు నీరు తెచ్చే కాలువలను, శిఖం భూములను గుర్తించి విడిచిపెట్టాలి. హైదరాబాదు ఈ జాగ్రత్త తీసుకోకుండా పెరిగిన ఫలితం మూసీలో కనిపిస్తున్నది. మోత్కూర్ ఇంకా చిన్న పట్టణమే. కాలువ దారిలో ఇల్లు లేవకముందు దానిని కాపాడడం సులభం, లేచిన తరువాత అది దాదాపు అసాధ్యం.